గోదావరి అడవిని కొన్నవారు

మందుల దుకాణములో మాత్రల పెట్టెను చేతికి తీసికొన్నపుడు, ఆ అట్ట ఏ ఊరిలో పుట్టినదని అడుగువారు అరుదు. అది భద్రాచలమునకు ఎదుటిగట్టున సారపాక మిల్లులో తయారైనదై యుండవచ్చును. ఆ మిల్లు వాకిట కర్ర లారీలు బారులు తీరి నిలుచును. వానిలోని దుంగలు ఒకే లావు, ఒకే తీరు. బెరడు ఒలిచిన జామాయిల్ కర్రలు. అడవినుండి వచ్చిన కర్ర అట్లుండదు. అది వంకరటింకరగా, నానాజాతులుగా నుండును. ఈ లారీలు పొలములనుండి వచ్చుచున్నవి. అడవి కర్ర స్థానములో పొలము కర్ర ఎట్లు వచ్చినది? ఆ మార్పువలన అడవికి మేలు జరిగినదా? ఈ వ్యాసమునకు విషయము ఇదియే.

అడవిని నరికినదెవరని అడిగినచో, గొడ్డలి పట్టినవానివైపు వేలు చూపుట మనకు అలవాటు. గొడ్డలి పట్టినవాడు కంటికి కనిపించును గదా! కాని ఆ గొడ్డలికి కూలి ఇచ్చినవాడెవడు? నరికిన సరకును కొన్నవాడెవడు? కొనుటకు సొమ్ము బదులిచ్చినవాడెవడు? వీరు అడవికి వందల మైళ్ల దూరమున నుందురు. వీరి కాలికి ముల్లు గుచ్చుకొనదు.

ఈ ప్రశ్నలనే పనిగా పెట్టుకొన్న సంస్థలు నేడు ప్రపంచములో కొన్ని కలవు. ఆక్స్‌ఫర్డు కేంద్రముగా 2001లో ఏర్పడిన గ్లోబల్ కానపీ అను లాభాపేక్ష లేని సంస్థ వానిలో ఒకటి. అది 2014లో ఫారెస్ట్ 500 అను జాబితాను ప్రకటించెను. ఉష్ణమండలపు అడవులు ముఖ్యముగా కొద్దిపాటి సరకులకొరకు నరకబడుచున్నవి: పామాయిలు, సోయా, గొడ్డుమాంసము, తోలు, కలప, కాగితపు గుజ్జు. ఈ సరకుల వ్యాపారములో పెద్దవైన కంపెనీలను, వానికి పెట్టుబడి పెట్టు 150 ఆర్థికసంస్థలను ఎంచి, అడవిని నరకని సరకునే కొందుమని ఎవరు మాట ఇచ్చిరి, ఇచ్చిన మాటను ఎవరు నిలుపుకొనిరి అని ఆ సంస్థ లెక్క చూచెను. అడవిలోనికి పోయి మొద్దులను లెక్కించుటకు బదులు, ఖాతాపుస్తకము వైపునుండి అడవికి దారి తీయుట దీని పద్ధతి.

మన ఖమ్మము, భద్రాచలము అడవుల చరిత్రను ఇదే తీరున ఖాతాపుస్తకము వైపునుండి చదువవచ్చును.

ఇచ్చట మొదటి సరకు టేకు. గోదావరి సముద్రమును చేరుచోట కోరంగి రేవులో పూర్వము ఓడలు కట్టెడివారు. వారికి టేకు నది ఎగువనుండి వచ్చెడిది. పచ్చి టేకు నీటిలో సరిగా తేలదు. దానిని ఎండనిచ్చి గాని, దుంగల నడుమ వెదుళ్లను జతచేసి గాని తెప్ప కట్టవలెను. తెప్ప కట్టుట, పాపికొండల సుడులలో దానిని నడుపుట సామాన్యమైన విద్య కాదు. నది తానే కూలి లేని బండి యగుటచేత, గట్టుకు దగ్గరనున్న టేకు ముందు పోయెను, దూరపుది తరువాత పోయెను. ఆ కాలమున అడవి ఆయువును నిర్ణయించినది చెట్టు వయస్సు కాదు, నదికి దానికి గల దూరము.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట, ఆర్థరు కాటను గోదావరి ఎగువ భాగమును పడవలకు అనుకూలము చేసి, నాగపూరు వైపు ప్రత్తిని సముద్రతీరమునకు దించవలెనని సంకల్పించెను. దారిలోని మొదటి రాతి అడ్డంకి భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము వద్ద నున్నది. అచ్చట ఆనకట్ట, కాలువ, లాకులు కట్టిరి. ఇంతలో ప్రత్తి రైలుబండి నెక్కి బొంబాయికి పోజొచ్చెను. 1871లో నదీమార్గపు పని ఆపివేయబడెను. దుమ్ముగూడెములోని ఆ రాతికట్టడము కొనుగోలుదారుడు ముఖము త్రిప్పుకొన్న ఒక మార్గమునకు గుర్తుగా మిగిలినది.

సరిహద్దు సంగతిని ఇచ్చట కొంచెము చెప్పవలెను. 1860లో భద్రాచలము ప్రాంతము నిజామునుండి ఆంగ్లేయులకు సంక్రమించి, కొంతకాలము మధ్యరాష్ట్రములలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. ఎదుటిగట్టున పాల్వంచ సంస్థానము నిజాము రాజ్యములోనే నిలిచెను. ఒకే అడవి, ఒకే కోయ జనము, నడుమ నది. ఇటు ఒక చట్టము, అటు మరియొక చట్టము. 1882 నాటి మద్రాసు అటవీచట్టము ఇటువైపు అడవులను రిజర్వు చేసెను. ఖమ్మము జిల్లా 1953లో ఏర్పడగా, 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు దానిలో కలిసెను. 2014లో భద్రాచలము పట్టణము తెలంగాణములో నుండగా, చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశములో చేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా అయ్యెను. సరిహద్దు ఎన్నిమార్లు జరిగినను, సరకు మాత్రము ధర ఉన్నవైపునకే పోయినది.

రెండవ కొనుగోలుదారు బొగ్గుగని. 1870ల ఆరంభమున భూగర్భశాఖకు చెందిన విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. సింగరేణి కంపెనీ 1920లో ఆ పేరుతో ఏర్పడెను. బొగ్గు వచ్చినందున రైలు ఇంజనులకు వంటచెరకు అక్కరలేక అడవికి కొంత ఊరట కలిగియుండునని తోచవచ్చును. అది సగము నిజము. భూమిలోపల బొగ్గు తీసినచోట కప్పు కూలకుండ గుంజలు నిలుపవలెను. గని ముందునకు సాగినకొలది గుంజలు కావలెను. కొన్ని తిరిగి వచ్చును, కొన్ని భూమిలోనే మిగిలిపోవును. రైలుపట్టాలక్రింద పరచు స్లీపర్లు సరేసరి. ఉక్కు గుంజలు, కప్పునకు బిగించు బోల్టులు వచ్చిన పిమ్మట, ఓపెన్‌కాస్టు గనులు పెరిగిన పిమ్మట గుంజల బేరము తగ్గినది. కాని ఓపెన్‌కాస్టు గని గుంజలకు బదులు నేలనే అడుగును. ఒక సరకు మారగానే అడవి బయటపడినదని సంతోషించుటకు ముందు, దాని స్థానములో వచ్చినదేమని చూడవలెనని దీనివలన తెలియును.

ఇక అప్పు సంగతి. నా అభిప్రాయమున ఈ చరిత్రలో ముఖ్యమైన భాగము ఇదే. బ్యాంకులు రాకముందే ఈ అడవికి బ్యాంకరు కలడు. కూపు వేలము పాడు కంట్రాక్టరు రాజమహేంద్రవరము వంటి పట్టణములలోని వర్తకుల సొమ్ముతో పాడును. ఆ సొమ్ములో కొంత ధాన్యముగా, బట్టగా, ఉప్పుగా కొండరెడ్డి గుడిసెకు బయానాగా చేరును. బయానా తీసికొన్న కుటుంబము వెదురు నరికి, నదివరకు లాగి, బాకీ తీర్చవలెను. లెక్క వ్రాయువాడు వర్తకుడు. బాకీపడినవానికి చదువు రాదు. బాకీ తండ్రినుండి కొడుకునకు దిగును. ఆస్ట్రియానుండి వచ్చి నిజాము రాజ్యములో పనిచేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ పాపికొండల రెడ్ల నడుమ నివసించి, 1945లో ప్రకటించిన గ్రంథములో ఈ కూపుల చాకిరిని, వర్తకుల బాకీలను వివరించెను. పోడు చేసికొని తన గింజ తాను పండించుకొను రెడ్డికి అడవి నరుకుటలో ఒక హద్దు కలదు. కడుపు నిండగానే ఆగును. బాకీ తీర్చుటకై నరుకువానికి ఆ హద్దు లేదు.

ప్రభుత్వము దీనిని ఎరుగకపోలేదు. 1917 నాటి ఏజెన్సీ చట్టము మద్రాసు వైపు మన్యములో వడ్డీని నూటికి 24కు మించరాదని కట్టడి చేసి, గిరిజనుల భూమి ఇతరులకు పోకుండ అడ్డుకట్ట వేసెను. భూమి విషయమున ఆ కట్టడియే 1959 నాటి రెగ్యులేషనుగా, 1970లో మరింత గట్టిదై 1/70గా మారినది. 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణమున ఏర్పడి, షావుకారునకు బదులు తానే అడవిసరకును కొనజొచ్చెను. చింతపండు, తపసిబంక, తేనె, కుంకుడుకాయ వంటివి సంతలో తూకము వేసి కొనుట, బియ్యము, ఉప్పు, బట్టలు అమ్ముట, అప్పులిచ్చుట దాని పనులు. అనగా వరుసలోని రెండు లంకెలను, కొనువానిని, అప్పిచ్చువానిని, చట్టముచేత మార్చుటకు చేసిన ప్రయత్నమిది.

తపసిబంక ఉదాహరణము చిన్నదైనను రుచికరమైనది. తపసిచెట్టు కాండమును గాటు పెట్టినచో బంక కారును. మందులలో, ఆహారపదార్థములలో, కట్టుడుపళ్లను అంటించు పొడులలో దానిని వాడుదురు. చాలభాగము విదేశములకు పోవును. కొనువాడు బరువుచూచి మాత్రమే డబ్బిచ్చిన దినములలో గొడ్డలితో లోతుగా నరికి, ఒక్కసారిగా బంక తీసెడివారు. చెట్టు రెండుమూడేండ్లలో చచ్చెడిది. సహకార సంస్థతో కలిసి, 1994లో ఏర్పడిన కోవెల్ ఫౌండేషను అను స్వచ్ఛందసంస్థ బంక తీయువారికి చిన్న పనిముట్లతో పైపైన గాటు పెట్టుటను, బంకను బెరడు తునకలు లేకుండ శుభ్రముగా సేకరించుటను నేర్పెను. తెల్లని, శుభ్రమైన బంకకు ఎక్కువ ధర, నల్లనిదానికి తక్కువ ధర అని తరగతులు ఏర్పడెను. చెట్టును బ్రతికించుటయే లాభమైన చోట దానిని కాచుటకు గార్డు అక్కరలేకపోయెను.

వెదురునకు ఈ అదృష్టము పట్టలేదు. దేహ్రాదూను అటవీపరిశోధనాలయములో విలియం రైటు జరిపిన ప్రయోగములవలన వెదురునుండి మంచి కాగితపు గుజ్జు తీయవచ్చునని స్థిరపడెను. 1925లో వెదురు కాగితపు పరిశ్రమకు సుంకపు రక్షణ లభించెను. రాజమహేంద్రవరములో కాగితపు మిల్లు వెలసెను. ఉత్తరమున సిర్పూరు వద్ద మరియొకటి వెలసి, ఆ ఊరికి కాగజ్‌నగరమను పేరే వచ్చెను. భద్రాచలము, పాపికొండల వెదురు తెప్పలుగా గోదావరిపై దిగువకు సాగెను. వెదురు గడ్డిజాతి మొక్క. నరికినను మరల పిలకలు వేయును. కాని దానికి నియమములు కలవు. ఆ ఏటి లేతబొంగులను ముట్టరాదు. పొదలో కొన్ని ముదురు బొంగులను ఊతగా విడువవలెను. ఒకమారు నరికిన పొదవద్దకు మూడు నాలుగేండ్లవరకు మరల పోరాదు. టన్ను కాగితమునకు రెండు టన్నులకు పైగా వెదురు కావలెను. టన్నుల లెక్కన కూలి పుచ్చుకొనువానికి, టన్నుల లెక్కన మిల్లునకు చేర్చు కంట్రాక్టరునకు ఈ నియమములు గుర్తుండునా?

ధర మాట చెప్పవలెనన్నచో, పొరుగు రాష్ట్రపు ఉదాహరణము ప్రసిద్ధమైనది. 1958లో కర్ణాటకములోని దండేలి మిల్లునకు ప్రభుత్వము వెదురును టన్ను రూపాయిన్నరకు ఇచ్చుటకు ఒప్పుకొనెను. పరిశ్రమలు పెరుగవలెనను సదుద్దేశముతోనే దేశములో పలుచోట్ల ఇట్టి దీర్ఘకాలపు ఒప్పందములు జరిగెను. బుట్టలల్లు మేదరి మాత్రము అంగడిధర ఇచ్చి కొనవలసివచ్చెను. అంత చౌకగా దొరకు సరకును పొదుపుగా వాడవలెనని ఏ మిల్లునకు తోచును? మొక్క నాటుటకన్న నరుకుటయే చౌక యైనపుడు, నాటుమని చేయు ఉపన్యాసములవలన ఫలము శూన్యము.

ఈ లెక్కను తలక్రిందులు చేసినది 1988 నాటి జాతీయ అటవీవిధానము. 1980 నాటి అటవీసంరక్షణ చట్టము అడవిభూమిని ఇతర పనులకు మళ్లించుటను కట్టడి చేయగా, 1988 విధానము పరిశ్రమలకు రాయితీధరలపై అడవిసరకును ఇచ్చు పద్ధతి పోవలెననెను. తమకు కావలసిన కర్రను రైతులతో నేరుగా సంబంధము పెట్టుకొని, వారికి పెట్టుబడి, సాంకేతిక సహాయము ఇచ్చి పెంచుకొనుడని పరిశ్రమలకు చెప్పెను. సారపాకలోని భద్రాచలము పేపర్‌బోర్డ్సు కంపెనీ 1975లో ఏర్పడి, 1979లో ఉత్పత్తి ప్రారంభించినది; 2002లో ఐటీసీలో విలీనమైనది. అడవి వెదురు, అడవి కర్ర నమ్ముకొని పుట్టిన ఈ మిల్లునకు 1988 నాటి మాట ప్రాణసంకటము. కర్ర కావలెను, అడవి ఇచ్చునది తగ్గుచున్నది, రైతు నాటిన జామాయిల్ సరిగా పెరుగుటలేదు.

సరిగా పెరుగకపోవుటకు కారణము విత్తనము. జామాయిల్ చెట్లు ఒకదానితో ఒకటి పరపరాగసంపర్కము పొందును గాన, విత్తనమునుండి వచ్చిన మొక్కలలో ఒకటి ఎత్తుగా, ఒకటి గిడసబారి, ఒకటి తెగులు పట్టి పెరుగును. హెక్టారుకు ఏటా 6 నుండి 10 ఘనమీటర్లకు మించి కర్ర వచ్చెడిది కాదు. 1989లో మిల్లు పరిశోధకులు, డాక్టరు ప్యారేలాల్ నాయకత్వమున, తోటలలో మేలైన చెట్లను ఏరి, వానిని నరికి, మొదటినుండి వచ్చిన చిగురుకొమ్మలను హార్మోను పొడిలో ముంచి, మంచుతెర వంటి తుంపర గదులలో వేళ్లు పోయించిరి. ఒక తల్లిచెట్టు కొమ్మలనుండి వచ్చిన పిల్లలన్నియు తల్లికి అచ్చుగ్రుద్దినట్లుండును. వీనినే క్లోనులందురు. వందలకొలది క్లోనులను వేర్వేరు నేలలలో పరీక్షించి, నల్లరేగడికి ఒకటి, చవుడునేలకు ఒకటి అని ఎంచిరి. 1992నుండి ఇవి రైతుల పొలములలోనికి వచ్చినవి. భద్రాచలము క్లోనులలో 3, 7, 10, 413 వంటి నంబర్లు ప్రసిద్ధికెక్కినవి. దిగుబడి హెక్టారుకు 20 నుండి 25 ఘనమీటర్లకు ఎగబ్రాకెను. నాలుగైదేండ్లకు మొదటి కోత. మొద్దునుండి చిగిర్చిన కొమ్మలతో మరల రెండు మూడు కోతలు.

ఖమ్మము రైతు దీనిని ఆదరించుటకు కారణము అడవిపై ప్రేమ అని చెప్పుట అతిశయోక్తి యగును. కూలీలు దొరకని పొలమునకు, ఊరు విడిచి పట్టణములో నుండు యజమానికి, ప్రత్తిలో నష్టపోయినవానికి జామాయిల్ అనుకూలమైనది. సుబాబుల్, సరుగుడు కూడ ఇట్లే వ్యాపించినవి. కష్టములును వచ్చినవి. ఈ శతాబ్దపు మొదటి ఏండ్లలో బుడిపెలు కలిగించు ఒక చిన్న కందిరీగజాతి పురుగు దక్షిణభారతపు నారుమళ్లలో చొరబడెను. ఒకే రూపమున నున్న క్లోనుతోటలో తెగులు వచ్చినచో ఆగదు. కర్ర కొనువారు ముగ్గురు నలుగురే యగుటవలన, అందరును ఒకేమారు కోసిన ఏట ధర పడిపోవును. సుబాబుల్ రైతులు గిట్టుబాటు ధరకై రోడ్డెక్కిన సంవత్సరములు కలవు. కొనువాని మాటవలన అడవి బాగుపడినచో, ఆ కొనువాడు మాట తప్పిన ఏట కర్ర పండించినవాని గతి యేమి? ఈ ప్రశ్నను అడవిప్రేమికులు తరచుగా మరచుచున్నారు.

ఇదే కాలమున బయటి ప్రపంచములోను కొనువారిని పట్టుకొను ఉద్యమము బలపడెను. 1992లో రియో సభలో దేశములు అడవుల విషయమున కట్టుబాటుగల ఒప్పందము చేసికొనలేకపోయెను. మరుసటి సంవత్సరము స్వచ్ఛందసంస్థలు, కలపవర్తకులు, అడవిజనుల ప్రతినిధులు కెనడాలో సమావేశమై ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిలును స్థాపించిరి. మంచిపద్ధతిని పెంచిన కర్రకు ముద్ర వేయుట, ఆ కర్ర మిల్లునుండి దుకాణమువరకు పోవుదారిని లెక్కలో నుంచుట దాని పని. సారపాక మిల్లు ఈ ముద్రను పొందినది. 2006లో, అమెజాను అడవిని నరికిన భూమిలో పండిన సోయాను కొనమని బ్రెజిలులోని పెద్దవర్తకులు ప్రకటించిరి. యూరపు కొనుగోలుదారులపై స్వచ్ఛందసంస్థలు తెచ్చిన ఒత్తిడి దానికి కారణము. అప్పిచ్చువారు మాత్రము వెనుకబడిరి. ఫారెస్ట్ 500 జాబితాలోని 150 ఆర్థికసంస్థలలో సగమునకు పైగా, 2023 నివేదిక నాటికి, అడవి నరికివేతపై ఏ విధానమును ప్రకటించలేదు. కూపు వేలము వెనుకనున్న వర్తకుడు నాడు కనిపించనట్లే!

నేడు ఖమ్మము ప్రాంతమును ప్రపంచపు అడవులతో ముడిపెట్టు సరకు పామాయిలు. మనదేశము ఏటా సుమారు 80, 90 లక్షల టన్నుల పామాయిలును, ముఖ్యముగా ఇండోనేషియా, మలేషియాలనుండి, దిగుమతి చేసికొనుచున్నది. మన బజ్జీల మూకుడులోని నూనె బోర్నియో అడవికి దూరపుచుట్టము. అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతములలో ఆయిల్‌పామ్ తోటలు, గెలలను ఆడు కర్మాగారములు చాలకాలముగా నున్నవి. 2021లో కేంద్రప్రభుత్వము జాతీయ మిషనును ప్రకటించిన పిమ్మట నాటకము ఇంకను ఊపందుకొన్నది. ఇచ్చటి తోటలు వరిపొలములలో, మామిడితోటల స్థానములో వేసినవి గాన, అడవి నరికిన పాపము వీనికి అంటదు. నీటి లెక్క వేరు. ఎదిగిన చెట్టు ఎండకాలమున రోజునకు 200 లీటర్లవరకు త్రాగును. ఈ నీరు చాలవరకు బోరుబావులనుండి వచ్చుచున్నది. గెల ధరయు అంతర్జాతీయ నూనెధరతో, ఢిల్లీలో నిర్ణయించు దిగుమతి సుంకముతో ఊగులాడును. అశ్వారావుపేట రైతు జకార్తా వార్తలను వినవలసిన కాలము వచ్చినది.

సరకు దారిని వెదకు పద్ధతికి అందని దొకటి మిగిలినది. ఖమ్మము అడవులు తగ్గుటకు కారణము మిల్లులు మాత్రమే కావు. పోడు కూడ కారణము. ఛత్తీస్‌గఢ్‌నుండి కలహములకు వెరచి వచ్చిన గుత్తికోయలు, భూమిలేని కోయలు అడవిలో జొన్న, ప్రత్తి వేసికొనుచున్నారు. అటవీశాఖవారితో ఘర్షణలు జరిగి, 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఒక రేంజి అధికారి ప్రాణము పోయినది. 2006 నాటి అటవీహక్కుల చట్టముక్రింద, 2023లో తెలంగాణ ప్రభుత్వము 4 లక్షల ఎకరములకు పైగా పోడుభూమికి పట్టాలిచ్చినది. వానిలో పెద్దవాటా ఈ జిల్లాదే.

ఆ చట్టము ప్రకారము 2005 డిసెంబరు 13 నాటికి సాగులోనున్న భూమికే హక్కు వచ్చును. ఇక 2023లో యూరపు సమాఖ్య చేసిన శాసనము మరియొక తేదీని పెట్టినది: 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేలపై పెరిగిన కర్రయు, పామాయిలు, రబ్బరు, కాఫీ, కోకో, సోయా, పశువుల సరకులును ఆ దేశములలో అమ్మరాదు, పెరిగిన చెక్కకు అక్షాంశ రేఖాంశములు చూపవలెను. దాని అమలు రెండుమార్లు వాయిదా పడినది. పట్టా పొందిన కోయరైతు తన పోడుచెక్కలో జామాయిల్ వేసినాడనుకొనుడు. మొదటి తేదీని బట్టి అది అతని పొలము. ఆ కర్రతో చేసిన అట్ట యూరపునకు పోవునపుడు, ఉపగ్రహచిత్రములో 2020 చివర అచ్చట చెట్లుండెనా, పొలముండెనా అని చూచెదరు. మన ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారు విస్తీర్ణము, నూటికి పది వంతుల నీడ ఉన్నచో, అది ఎవరి భూమి యైనను, ఏ చెట్టైనను, అడవికప్పు క్రిందికే వచ్చును. ఆ లెక్కకు జామాయిల్ తోటయు ఇప్పచెట్ల అడవియు ఒకటే. వేసవి తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుటకు గంప తీసికొని పోవు కోయ స్త్రీ జామాయిల్ తోటవైపునకు పోదు.